పాసైందంటే పాసైనట్టు కాదక్కా

2020 డిసెంబర్ 3, పొద్దున్నే. షాపు షట్టర్ ఇంకా సగమే ఎత్తాను, మా అక్క ఆటో దిగింది. మాస్కు గడ్డం కిందుంది, చేతిలో మలై కాజా డబ్బా. "గ్రీన్ కార్డు బిల్లు పాసైపోయిందంటరా! పాప ఇప్పుడే ఫోన్ చేసింది. సెనేట్‌లో ఒక్కడు కూడా వద్దన్లేదంట" అంటూ అక్కడే డబ్బా మూత తీసి నా నోట్లో ఒకటి కుక్కి, పక్కన మెడికల్ షాపు అబ్బాయికి ఒకటి, ఎదురుగా టీ బండి ఆయనకి రెండు పంచేసింది. కరోనా రోజులు, ఎవరూ ఎవరి చేతిది తినని రోజులు. అయినా అందరూ తీసుకున్నారు, ఆవిడ ముఖం చూసి.

నాది దర్గామిట్టలో నెట్ సెంటర్. జిరాక్స్, లామినేషన్, ఆధార్ అప్‌డేట్, వీటితోపాటు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలకి వీసా ఫారాలు నింపడం, చెన్నైలో స్లాట్లు పట్టడం. అందుకని మా బంధువర్గంలో అమెరికా గురించి ఏ డౌటొచ్చినా నా దగ్గరికే వస్తారు, నేనేదో వైట్‌హౌస్‌లో గుమాస్తా అయినట్టు. ఆ రోజు కాజా గొంతు దిగకముందే ఫోన్‌లో వార్త చూశాను. చూసి ఏం చెప్పాలో తెలీక, "మంచిది అక్కా" అన్నాను. అంతే అన్నాను. అదే నేను చేసిన తప్పు.

అక్క కూతురు, అల్లుడు టెక్సాస్‌లో ఉంటారు. 2010లో పోయారు, అప్పటికి మా మనవడికి నాలుగేళ్లు. అల్లుడి గ్రీన్ కార్డు ఫైలు 2015లో పడింది, ఇప్పటికీ క్యూలోనే ఉంది. ఆ క్యూ ఎందుకంత పొడుగంటే, 1990లో వాళ్లు చేసుకున్న చట్టం ప్రకారం ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000, అందులో పెళ్లాం పిల్లల లెక్క కూడా కలిపే. ఏ దేశం వాళ్లకైనా మామూలుగా 7 శాతానికి మించకూడదు. ఐస్‌లాండ్‌కి 7 శాతమే, ఇండియాకీ 7 శాతమే. ఐస్‌లాండ్ మొత్తం జనాభా మన నెల్లూరు టౌన్ జనాభా కంటే తక్కువే. వేరే దేశాలవి మిగిలిపోతే కొన్ని మనవాళ్లకి వస్తాయి గానీ, వరద కాలవకి చెంబు అడ్డం పెట్టినట్టే.

ఈ 7 శాతం తీసెయ్యాలన్నదే ఆ బిల్లు. 2019 జూలై 10న హౌస్‌లో, అంటే వాళ్ల కింది సభలో, 365 మంది సరే అన్నారు, 65 మంది కాదన్నారు. ఈ కాలంలో అమెరికాలో రెండు పార్టీల వాళ్లూ కలిసి అంత మంది ఒక మాట మీద ఉండటం అంటే మాటలా? తర్వాత ఏడాదిన్నరకి సెనేట్ కూడా సరే అంది. మరి ఇంకేం కావాలి, కాజాలు పంచాలి కదా. అక్క తప్పేముంది?

ఆవిడకి అసలు సంగతి చెప్పే పని జనవరిలో నా మీద పడింది. షాపులో పాడైన జిరాక్స్ కాగితం వెనకవైపు రెండు డబ్బాలు గీశాను. "ఇది హౌస్, ఇది సెనేట్. ఇక్కడ పాసైన బిల్లూ అక్కడ పాసైన బిల్లూ అక్షరం తేడా లేకుండా ఒకటే అవ్వాలి. సెనేట్ వాళ్లు కొన్ని షరతులు కలిపారు, ఆ షరతులు హౌస్‌లో బిల్లు పెట్టినవాళ్లకి నచ్చలేదు. రెండూ కలిపి ఒకటి చేసేలోపు టైమైపోయింది" అన్నాను. "టైమైపోవడం ఏంది? ఇదేమన్నా సినిమా టిక్కెట్టా?" అంది. నిజంగా అంతే. అక్కడ రెండేళ్లకొకసారి కాంగ్రెస్, అంటే ఈ రెండు సభలూ కలిపి, మారుతుంది. 2021 జనవరి 3 మధ్యాహ్నానికి పాత కాంగ్రెస్ అయిపోయింది, దాంతోపాటే అప్పటిదాకా చట్టం కాని బిల్లులన్నీ చెత్తబుట్టలోకి. మళ్లీ కొత్త నంబరుతో, కొత్తగా, మొదటినుంచీ.

అక్క ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. "సరే, ఎవుడ్రా అడ్డం పడింది? పేరు చెప్పు."

మా అక్కకి దేవుడి గదిలో కూర్చుని శాపనార్థాలు పెట్టే అలవాటుంది, దానికి పేరు కావాలి. నేను వెతికాను. సెనేట్‌లో ఇలాంటి బిల్లుకి ఓటింగ్ పెట్టకుండా "అందరికీ సమ్మతమేనా" అని అడిగి పాస్ చేసే పద్ధతొకటుంది. వందమందిలో ఒక్కడు లేచి "నాకు అభ్యంతరం" అంటే ఆ రోజుకి అక్కడితో సరి. 2019 సెప్టెంబర్‌లో లేచింది డేవిడ్ పెర్డ్యూ, రిపబ్లికన్. అక్టోబర్‌లో లేచింది డిక్ డర్బిన్, డెమోక్రాట్. ఈయన్ని ఒప్పించారు. 2020 ఆగస్టులో ఇంకొకాయన లేచాడు, రిక్ స్కాట్, రిపబ్లికన్. ఈయన్నీ ఒప్పించారు. ఒప్పించిన ప్రతిసారీ ఒక షరతు అంటుకుంది. ఆ షరతులే చివరికి హౌస్‌లో అడ్డం పడ్డాయి. ఇంతా చేసి హౌస్‌లో ఎవరూ ఆ సెనేట్ బిల్లుని ఓడించలేదు. ఓటింగే పెట్టలేదు.

"ఇంతమందిని ఎట్టా తిట్టేదిరా నేను" అని లేచి వెళ్లిపోయింది.

అప్పుడు నవ్వొచ్చింది గానీ, ఆ రాత్రి పడుకున్నాక ఆవిడ అన్నదే బుర్రలో తిరిగింది. అక్కడ బిల్లు చచ్చిపోతుంది గానీ చంపినవాడు ఉండడు. అందరి చేతులూ శుభ్రంగా ఉంటాయి. ఓడిపోతే కదా ఎవడు ఓడించాడో తెలిసేది!

మనకి తెలిసిన పద్ధతి వేరు. లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది. కాబట్టి మెజారిటీ ఉన్నవాడు విప్ జారీ చేసి ఎట్టాగైనా నెగ్గించుకుంటాడు, ఆ తర్వాత మంచైనా చెడ్డైనా వాడి ఖాతాలోనే. అక్కడ ప్రెసిడెంట్‌ని జనం విడిగా ఎన్నుకుంటారు, హౌస్‌లో 435 మందిని విడిగా, సెనేట్‌లో వందమందిని విడిగా. మూడూ ఒకే పార్టీ చేతిలో ఉన్నా, సెనేట్‌లో మామూలు బిల్లు మీద చర్చ ముగించి ఓటింగ్‌కి పోవాలంటేనే 60 మంది కావాలి. 51 కాదు, 60. 1917 దాకా చర్చ ఆపే నియమమే లేదు, తర్వాత మూడింట రెండొంతులన్నారు, 1975లో 60 చేశారు. ఒకప్పుడు అడ్డం పడాలంటే నిలబడి మాట్లాడాలి. 1957లో నల్లవాళ్ల పౌరహక్కుల బిల్లుని ఆపడానికి స్ట్రోమ్ థర్మండ్ అనే ఆయన 24 గంటల 18 నిమిషాలు నిలబడి మాట్లాడాడు. చేసిన పని దుర్మార్గమే గానీ, కనీసం కాళ్లు నొప్పెట్టాయి, ముఖం అందరికీ కనపడింది. ఇప్పుడు అదీ అక్కర్లేదు, "మావాళ్లు ఒప్పుకోరు" అని కబురు పంపితే చాలు, 60 లేవని బిల్లు బయటికే రాదు.

ఇంతకీ ఇది ఒక్క బిల్లు కథ కాదు. 2013 జూన్ 27న సెనేట్ 68-32తో పెద్ద ఇమిగ్రేషన్ బిల్లు పాస్ చేసింది. ఆ 60 అనే గోడ దాటిన బిల్లు! హౌస్‌లో స్పీకర్ జాన్ బేనర్, రిపబ్లికన్, దాన్ని ఓటింగ్‌కే తేలేదు. వాళ్ల పార్టీలో ఒక అలవాటుంది, సభలో మెజారిటీ ఉంటే చాలదు, తమ పార్టీలో మెజారిటీ ఉంటేనే బిల్లు పెట్టాలని. తర్వాత 2022 డిసెంబర్‌లో ఈ 7 శాతం సంగతే ఇంకో పేరుతో హౌస్‌లో ఓటింగ్ దాకా వచ్చింది, ఈసారి డెమోక్రాట్లదే మెజారిటీ. చాలినన్ని ఓట్లు లేవని చివరి నిమిషంలో లాగేశారు. ఆ రోజు మా అక్కకి నేనసలు చెప్పలేదు, పాప చేత కూడా చెప్పించలేదు. ఇంట్లో బీపీ మనిషుంది.

2024 ఫిబ్రవరిది మాత్రం నాకు అన్నిటికంటే కడుపు మండించింది. నాలుగు నెలలు ముగ్గురు కూర్చుని, ఒక రిపబ్లికన్, ఒక డెమోక్రాట్, ఒక ఇండిపెండెంట్, సరిహద్దు బిల్లు ఒకటి రాశారు. అందులో ఎక్కడో లోపల మా మనవడి లాంటి పిల్లలకి, అంటే అమ్మానాన్నల వీసా మీద చిన్నప్పుడు పోయి 21 నిండగానే ఆ వీసా పోగొట్టుకునే పిల్లలకి, రక్షణ పెట్టారు. ఐదేళ్లలో రెండున్నర లక్షల అదనపు వీసాలు కూడా పెట్టారు. సరిహద్దు గట్టి చెయ్యాలని ఏళ్ల తరబడి అడిగింది రిపబ్లికన్లే. ఫిబ్రవరి 7న ఓటింగ్: 49 అవును, 50 కాదు. చర్చ మొదలుపెట్టడానికే ఒప్పుకోలేదు. అంతకుముందు జనవరి నెలాఖరులో లాస్ వెగాస్ మీటింగులో ట్రంప్, ఈ బిల్లు ఆగిపోతే నా మీద నెపం వేస్తామంటున్నారు, వెయ్యండి, దయచేసి నా మీదే వెయ్యండి అన్నాడు. నేను ఆ వీడియో రెండుసార్లు చూశాను. జనం చప్పట్లు కొడుతున్నారు. ఎన్నికల ఏడాది కదా, సమస్య తీరిపోతే రేపు మైకులో ఏం మాట్లాడేది? అటు డెమోక్రాట్లకి కూడా ఆ ఓటింగ్ తర్వాత చేతికి ఒక ఆయుధం దొరికింది, "చూశారా, మేం తెస్తే వాళ్లు వద్దన్నారు" అని మేలో మళ్లీ అదే బిల్లు ఓటింగ్‌కి పెట్టారు. పాసవదని పెట్టినవాళ్లకీ తెలుసు. ఈసారి అవునన్న ఓట్లు ఇంకా తగ్గి 43కి దిగాయి. ఇట్లా నెపం కోసమే ఓటింగ్ పెట్టుకోవడం చూశాక నాకొకటి అర్థమైంది, బిల్లు పాసైతే వచ్చే లాభం కంటే ఆగిపోతే వచ్చే తిట్ల లాభం ఇద్దరికీ ఎక్కువ గిట్టుబాటుగా ఉన్నట్టుంది.

మొన్న మా బావమరిదితో ఇదే మాట. ఆయనకి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. 2025 ఆగస్టు 27న అమెరికా ఇండియా సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పటినుంచీ, కౌంట్ రేటు మాట ఎత్తితే చాలు, మనిషి మీదపడతాడు. "ఒక్కడు సంతకం పెడితే మన మేత డబ్బులు కూడా రాలేదు, ఆ దేశంలో పార్లమెంటు లేదా అబ్బా?" అన్నాడు. ఉంది. రాజ్యాంగం ప్రకారం సుంకాలు వెయ్యాల్సింది వాళ్లే. ఎమర్జెన్సీ పేరుతో ప్రెసిడెంట్ వేశాడు. ఆ ఎమర్జెన్సీ వద్దని ఎవరైనా తీర్మానం పెడితే కమిటీ 15 రోజుల్లో తేల్చాలి, తర్వాత సభలో ఓటింగ్ పెట్టాలి, అది చట్టం. 2025 మార్చిలో హౌస్ ఏం చేసిందో తెలుసా? కెనడా, మెక్సికో, చైనా సుంకాల గొడవలో ఓటింగ్ రాకుండా ఒక నియమం పాస్ చేసుకుంది: ఈ ఏడాది సెషన్‌లో మిగిలిన రోజులేవీ, ఈ లెక్కకి, రోజులు కావు. రోజే లేకపోతే పదిహేను రోజులు ఎట్లా అవుతాయి? ఏప్రిల్ సుంకాల మీదా ఇదే ఎత్తు వేశారు. మా బావమరిదికి ఇది చెప్తే, "అయితే నేను కూడా బ్యాంకోళ్లకి ఇదే చెప్తా, ఈ ఏడాది నాకు రోజులు లేవని" అన్నాడు.

మనమేదో సుద్దపూసలమని కాదు నేను చెప్పేది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ టీవీ ప్రసారం ఆగిపోయి, మళ్లీ వచ్చేసరికి రాష్ట్రం రెండైపోయింది, అంత స్పీడు మనది. ఆ చట్టం పదమూడో షెడ్యూల్లో అప్పట్లో మన జిల్లాలోదే అయిన దుగరాజపట్నానికి పెద్ద పోర్టు రాశారు, మొదటి దశ 2018 చివరికి అని తేదీతో సహా. పక్కన శ్రీహరికోట ఉందన్నారు, గిట్టదన్నారు, ఆ తేదీ పోయింది, పోర్టు రాలేదు. బదులుగా రామాయపట్నం అన్నారు, దానికి 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జూలైలో ఇంకో ముఖ్యమంత్రి, రెండు శంకుస్థాపనలు. ప్రత్యేక హోదా సంగతైతే ఎవరి పాపమో నేను రాస్తే కింద కొట్టుకుంటారు, వదిలేస్తున్నా. మన దగ్గర ఒకే రాయికి ఇద్దరు కొబ్బరికాయ కొడతారు, అక్కడ కాయ కొట్టకముందే రాయి ఎవరు దాచారని కొట్టుకుంటారు.

కొట్టుకోవడం అంటే గుర్తొచ్చింది, షట్‌డౌన్. ఖర్చుల బిల్లు టైముకి పాసవకపోతే అక్కడ ప్రభుత్వ ఆఫీసులు మూసేస్తారు. 2018 డిసెంబర్‌లో ట్రంప్ తన ఆఫీసులోనే, కెమెరాల ముందు, డెమోక్రాట్ల నాయకుడు షూమర్‌తో "ఈ షట్‌డౌన్ బాధ్యత నేనే తీసుకుంటా, మిమ్మల్ని అనను" అన్నాడు. అది 35 రోజులు సాగింది, మధ్యలో ఆ మాట గాలికిపోయింది, నెపం వాళ్ల మీదికే మళ్లింది. 2025 అక్టోబర్ 1న మొదలైంది ఇంకా పొడుగు, నవంబర్ 12 దాకా 43 రోజులు. సెనేట్‌లో రిపబ్లికన్లు 53, కావాల్సింది 60. ఆరోగ్య బీమా సబ్సిడీలు ఆ ఏడాది చివరికి అయిపోబోతున్నాయి, అవి పొడిగిస్తేనే ఓటేస్తామని డెమోక్రాట్లు. ముందు ఆఫీసులు తెరవండి, తర్వాత మాట్లాడదామని రిపబ్లికన్లు. ఒకే బిల్లు మీద పద్నాలుగు సార్లు ఓటింగ్ పెట్టి పద్నాలుగు సార్లూ 60 రాలేదు. "మెజారిటీ మీదే కదా, నడపండి" అని డెమోక్రాట్లు, "మీ ఓట్లు లేకపోతే ఎట్లా నడుస్తుంది" అని రిపబ్లికన్లు. విచిత్రం ఏంటంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. గృహనిర్మాణ శాఖ వెబ్‌సైట్ తెరిస్తే పైన బ్యానర్, ఇదంతా తీవ్ర వామపక్షం వాళ్ల పని అని. ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ లైన్ దగ్గర వెయ్యమని డెమోక్రాట్లని తిట్టే మంత్రిగారి వీడియో పంపారు, చాలా ఎయిర్‌పోర్టులు మేం వెయ్యం పొమ్మన్నాయి. జీతాల్లేకుండా పనిచేస్తున్న సెక్యూరిటీ వాళ్ల నెత్తిన ఆ టీవీ!

సరిగ్గా ఆ అక్టోబర్‌లోనే మా అల్లుడు కంపెనీ మారాడు. కొత్త కంపెనీ వీసా పేపర్లు వెయ్యాలంటే ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ అనే కాగితం రావాలి, ఆ వెబ్‌సైటే బంద్. పాత కంపెనీలో రిజైన్ లెటర్ ఇచ్చేశాడు, ఆఖరి రోజు దగ్గరపడుతోంది. అక్టోబర్ 31న ఆ సైటు మళ్లీ తెరిచేదాకా పాప రోజూ రాత్రి, అంటే మనకి పొద్దున, ఫోన్ చేసి, "మామా, నీకేమన్నా తెలిసిందా?" అని అడిగేది. టెక్సాస్‌లో ఉన్నదానికి దర్గామిట్టలో నాకేం తెలుస్తుంది? అయినా రోజూ టీ తాగుతూ ఆ సైటు రిఫ్రెష్ కొట్టేవాణ్ణి. అక్క వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఈసారన్నా పేరు దొరికిందా?" అనేది. రెండు పార్టీల పేర్లూ చెప్పేవాణ్ణి. "పార్టీ కాదురా, మనిషి" అనేది.

ఈ ఏడాది మనవడికి 21 నిండుతాయి. నాలుగేళ్లప్పుడు పోయినవాడు, ఇంగ్లీషులోనే కలలు కనేవాడు, వాళ్ల నాన్న క్యూలోంచి జారిపోయి ఇప్పుడు కొత్తగా చదువుకోడానికి వచ్చిన విదేశీ కుర్రాడి లెక్కలో స్టూడెంట్ వీసా మీదికి మారాలి. ఎండాకాలంలో పెళ్లి ఉండి ఇక్కడికి వస్తున్నాడు, తిరిగి పోవాలంటే చెన్నైలో స్టాంపింగ్. ఫారం నేనే నింపుతున్నా. స్టూడెంట్ వీసా అంటే చదువైపోయాక సొంత ఊరికి తిరిగొచ్చేస్తాననే నమ్మకం కాన్సులేట్ ఆఫీసర్‌కి కలిగించాలి. సొంత ఊరు అంటే, నెల్లూరు.

నిన్న రాత్రి వాడికి వాట్సాప్‌లో ఫారం వివరాలు అడిగాను. పాస్‌పోర్ట్ నంబరు పంపాడు, కాలేజీ పేరు పంపాడు, ఫోటో పంపాడు. ఇంటి అడ్రసు అనే గడి దగ్గరికొచ్చేసరికి కాసేపు ఏం రాలేదు. తర్వాత వచ్చింది, వచ్చీరాని తెలుగులో వాయిస్ మెసేజ్: "తాతా, అమ్మమ్మ వాళ్ల ఇంటి డోర్ నంబర్ ఎంత?"